శ్రీకారానికి తడబడిన యంత్రం

రహమత్ నగర్, హైదరాబాదు
కార్తీక బహుళ అష్టమి, ఆదివారం

గంగాభాగీరథీ సమానురాలైన అక్కయ్యకు, తమ్ముడు సదాశివం నేలకు నుదురు తాకించి నమస్కరించి వ్రాసుకొనే సంగతులు.

నేనూ, నీ కూతురు వైదేహీ ఇక్కడ సుఖంగా ఉన్నాము. అక్కడ నీవు ఎలా ఉన్నావన్నదే మా బెంగ. మోకాళ్ల నొప్పి తగ్గిందా? కార్తీక స్నానాలకు తెల్లవారకుండానే గోష్పాదం రేవుకు ఒక్కదానివే వెళుతున్నావని పక్కింటి సూరమ్మ పిన్ని కార్డు వ్రాసింది. మెట్లు పాచిపట్టి ఉంటాయి. పిన్నినో, ఆవిడ కోడలినో చేయి పట్టుకోమని దిగు. పొద్దెక్కాక వెళ్లినా గోదావరి నిన్ను కాదనదు. మా గురించి దిగులు పడకు. మేము బాగున్నాము.

నీ ఉత్తరం బుధవారం అందింది. గుమ్మంలో కూర్చొని బియ్యం ఏరుతున్నాను, చేట పక్కన పెట్టి అక్కడే చదివాను. మన కొవ్వూరు బాలికల పాఠశాలలో లెక్కల టీచరు ఉద్యోగం ఖాళీ అయిందనీ, పెద్దపంతులమ్మగారు దానిని వైదేహి కోసమే అట్టేపెట్టారనీ, మార్గశిరం వచ్చేలోగా వారికి మాట చెప్పాలనీ వ్రాశావు. "నీ మాట మీద పిల్లను పంపాను. ఆ సినిమావాళ్ల ఆఫీసులో ఇంకా ఏదీ ఖాయం కాలేదు. ఉంచుతావో, పంపుతావో ఒక్క మాట వ్రాయి" అన్నావు. ఒక్క మాటలో వ్రాయగలిగితే కార్డు సరిపోయేది. మొన్న గురువారం ఆ ఆఫీసులో జరిగినది నీవు మొదటినుంచీ వింటే తప్ప ఆ మాటకు విలువ ఉండదు. అందుకని కవరు నిండా వ్రాస్తున్నాను. వంట ముగించుకొని, కళ్లజోడు తుడుచుకొని, సావకాశంగా చదువు.

ముందు మా ఉనికి చెబుతాను. మా రెండు గదుల వాటా పల్లంలో ఉంది. ఇల్లుగల మల్లమ్మగారు ఈ ఊరి మనిషే. నేను పొద్దుట శ్లోకాలు చదువుకొంటూ ఉంటే గుమ్మానికి ఆనుకొని కూర్చుంటుంది. "జర జోర్ల చదువుండ్రి పంతులుగారూ, నాగ్గూడ పుణ్యం రానీయుండ్రి" అంటుంది. మంచి మనిషి. వైదేహికి జ్వరం వచ్చిన రోజున జొన్న గటక కాచి తెచ్చి, దగ్గర కూర్చొని తాగించింది. ఇక్కడి నుంచి బస్సెక్కితే జూబిలీ హిల్స్ గట్టు ఎక్కుతుంది. ఆ గట్టును నీవు చూడాలి అక్కయ్యా. ఏనుగంత బండలు ఒకదానిపై ఒకటి దొంతులు పేర్చినట్లు నిలిచి ఉంటాయి. పేర్చినవాడు ఎవడో, ఎప్పుడు పేర్చాడో. వాటి నడుమ ఇప్పుడు మేడలు లేస్తున్నాయి. బండలు పేల్చే చప్పుడుకు, సంధ్య వార్చుకొనేటప్పుడు పంచపాత్రలో నీళ్లు వణుకుతాయి.

నీళ్ల సంగతి మాత్రం నన్ను బాధిస్తుంది. కార్తీకమాసంలో లారీ మోసుకొచ్చిన నీళ్లను బకెట్టుతో పోసుకొని గోదావరిని తలుచుకొంటున్నాను. సూరమ్మ పిన్ని మనవడు ఈ పక్షంలో ఇటు వస్తాడన్నావు కదా, అతని చేతికి చిన్న రాగిచెంబుతో గోదావరి జలం మూత బిగించి పంపు. పాత చింతకాయ పచ్చడి ఉంటే అదీ కాస్త పంపు. ఇక్కడ పప్పులోనూ చారులోనూ టమాటాలే. వైదేహి ఏమీ అనకుండా తింటుంది గాని, కంచం ముందు కూర్చున్న మనిషి ముఖం నాకు తెలియదా?

నా పని నీకు తెలిసినదే. ఫిల్మ్ నగర్‌లో కోటయ్యగారని ఒక నిర్మాత ఉన్నారు. గుంటూరు వైపు వారు. పౌరాణిక ధారావాహికలు తీస్తారు. నటులు డబ్బింగు గదిలో సంస్కృతం పలికేటప్పుడు నేను పక్కన నిలబడి ఉచ్చారణ దిద్దుతాను. మొన్న ఒక మహర్షి జటలతో, దండంతో స్కూటరు వెనుక కూర్చొని వచ్చి దిగాడు. గడ్డాన్ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకొని మిరపకాయ బజ్జీ తింటూ, "శాస్త్రిగారూ, ఆ శాపం కాస్త కురచ చేయరూ, సగంలోనే ఊపిరి అయిపోతోంది" అన్నాడు. నేను కురచ చేయలేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పాను. శాపం చక్కగా పెట్టాడు. ఇటువంటి వాటితో పగలు గడిచిపోతుంది. సాయంకాలాలే పొడుగు. ఒక మంచి పద్యం మనసులో మెదిలితే, అది విని తల ఊపే మనిషి దొరకడు. అయినా నీవు దిగులు పడకు. నేను బాగున్నాను.

ఇక అసలు సంగతి.

ఈ సినిమావారికి మంచిరోజు చూడనిదే అడుగు పడదు. పూజ చేయాలన్నా, మొదటి దృశ్యం తీయాలన్నా నిర్మాతకూ, దర్శకుడికీ, నాయికానాయకులకూ, అందరికీ తారాబలం కుదరాలి. జన్మనక్షత్రం మొదలుకొని ఆ రోజు నక్షత్రం దాకా లెక్కించి, తొమ్మిదులు తీసివేసి, మిగిలినదానిని బట్టి చెప్పే లెక్క నీకు నాకంటె బాగా తెలుసు. ఈ లెక్క కోసం కోటయ్యగారి మేనేజరు యాదగిరి ఊరి అవతల ఉన్న ఒక సిద్ధాంతిగారి ఇంటికి మాటిమాటికీ పరుగెత్తేవాడు. ఆయన భోజనం చేసి, కునుకు తీసి, లేచేదాకా అరుగు మీద కూర్చునేవాడు. ఇది చూసి మన వైదేహి, "ఈ లెక్క కంప్యూటరు చేత చేయిస్తానండీ" అని కోటయ్యగారితో అన్నది. ఆయన మూడు నెలల గడువిచ్చారు. "కార్తీకంలో ఒక మంచిరోజు చూసి నా ఎదుట నడిపించమ్మా. నడిస్తే ఆ రోజే ఉద్యోగం. నడవకపోతే మనసులో ఏమీ పెట్టుకోకుండా మీ ఊరికి వెళ్లు" అన్నారు. కఠినంగా అన్న మాట కాదు. ఆయన తీరే అంత.

నక్షత్రాల పనిలో నేను సాయం చేశాను. తొమ్మిదులు తీసివేశాక ఏమీ మిగలకపోతే అది తొమ్మిదవదైన పరమమైత్ర తార అని ఆమెకు జ్ఞాపకం చేయబోతే, "అది ఎప్పుడో వ్రాసేశాను మామయ్యా" అని నవ్వింది. లగ్నం, తక్కిన శుద్ధులు నేనే చూస్తాను. లెక్క మాత్రమే యంత్రానిది.

ఆ యంత్రాన్ని మొదటిసారి చూసిన రోజును నేను మరువలేను. నల్లని పలక. దాని మీద తెల్లని చిన్న గీత ఒకటి, మెరిసి ఆరి, మెరిసి ఆరి ఉన్నది. ఇంకేమీ లేదు.

"ఏం చేస్తోందే?" అన్నాను.

"వింటోంది మామయ్యా."

"మనం ఏమీ అనలేదు కదా?"

"అందుకే వింటోంది."

"ఎంతసేపు?"

"మీరు చెప్పేదాకా."

"నేను ఇంటికి వెళ్లి సంధ్య వార్చుకొని వస్తే?"

"అప్పటికీ ఇలాగే ఉంటుంది. కరెంటు పోకుండా ఉంటే."

అక్కయ్యా, నాకు ఒళ్లు జలదరించింది. మనిషి ఎదుట అంత నిశ్చలంగా, అంత శ్రద్ధగా ఒకటి కాచుకొని ఉండటం నేను ఎక్కడ చూశాను? ఆలోచించగా తోచింది. సంకల్పం చెప్పేటప్పుడు పురోహితుడు దేశకాలాలన్నీ తానే గడగడా చెప్పుకొంటూ వచ్చి, గోత్రం దగ్గర చప్పున ఆగి కర్త ముఖంలోకి చూస్తాడు. ఆ ఒక్క చోటు ఆయన పూరించలేడు. ఎంత మహాపండితుడైనా సరే, ఆ పీటల మీద కూర్చున్నవాడు నోరు తెరిచి తన గోత్రమూ, తన పేరూ చెబితే తప్ప ఆ కర్మ ముందుకు సాగదు. మంత్రమంతా ఒకటే, ఆ ఖాళీలో పడిన మాటను బట్టి అది ఈతని కర్మ అవుతుంది, ఆతని కర్మ అవుతుంది. యంత్రంలోనూ సరిగ్గా అదే ఉన్నది. లెక్కంతా సిద్ధం. కాని ఎవరి కోసమన్నది మనిషే చెప్పాలి.

వైదేహి నేర్చిన విద్యను సీ ప్లస్ ప్లస్ అంటారు. దానిని ఆమె నాకు వివరించిన తీరు వింటే మన నాన్నగారు మెచ్చి శాలువా కప్పి ఉండేవారు. తర్కంలో జాతి అనీ, వ్యక్తి అనీ చదువుకొన్నాము కదా. గోత్వం ఒకటే, గోవులు అనేకం. అచ్చంగా ఆ పద్ధతే. 'మనిషి' అనే జాతిని ఆమె ఒక్కసారి వ్రాసింది: మనిషికి పేరుంటుంది, జన్మనక్షత్రముంటుంది, అడిగితే తన తారాబలం తాను చెబుతాడు. అంతే. ఆ తరువాత నిర్మాత ఒక వ్యక్తి, దర్శకుడు ఒక వ్యక్తి, కథానాయిక ఒక వ్యక్తి. ఎవరి నక్షత్రం వారిలోనే దాగి ఉంటుంది. ఒకరి గుట్టు మరొకరు చేయి పెట్టి తీసుకోరాదు, అడిగి తెలుసుకోవాలి. యంత్రంలో ఇంత మర్యాద ఎవరు పెట్టారే అని అడిగితే, "మర్యాద లేకపోతే పెద్ద పనులు నిలబడవు మామయ్యా" అన్నది.

అంతకంటె వింత ఒకటి. యంత్రానికి మాట్లాడే నోరు వేరు, వినే చెవి వేరు. ఆ చెవిని సీ-ఇన్ అంటారు. అదీ ఒక వ్యక్తేనట. దానికీ ఒక స్థితి ఉంటుందట. బాగుండటం, బాగులేకపోవటం. మనం మీటలు నొక్కితే అక్షరాలు కాలువలా వచ్చి ఒక గట్టు దగ్గర ఆగుతాయి. చివరనున్న పెద్ద మీట నొక్కితే గట్టు దాటుతాయి. అప్పుడు ఆ చెవి తనకు కావలసినది అందుకొంటుంది. నేను ఇవన్నీ విని ఆనందించాను. ఆ చెవి బాగులేకపోవటమంటే ఏమిటో మాత్రం అడగలేదు. గురువారం నా వల్లనే తెలియవచ్చింది.

గురువారం పుష్యమి. గురుపుష్యయోగం. అంతకు మించిన రోజు ఏముంటుందని నేనే నిర్ణయించాను. ఆఫీసు గదిలో యంత్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, చామంతులు చుట్టారు. "పువ్వులు కొంచెం వెనక్కి జరపండి, గాలి ఆడాలి" అని వైదేహి యాదగిరితో గొణుగుతోంది. కోటయ్యగారు స్నానం చేసి, కొత్త ఉత్తరీయం వేసుకొని వచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. వైదేహి ముందుకు వెళ్లబోతే ఆయన ఆపి, నా వంక తిరిగి, "శాస్త్రిగారూ, పెద్దవారు. మీ చేత్తో శ్రీకారం చుట్టండి" అన్నారు.

అప్పటిదాకా నేను మీటలు ముట్టి ఎరుగను. ఆమె నొక్కుతుంటే చూడటమే. కూర్చున్నాను. తెర మీద 'జన్మనక్షత్రం సంఖ్య?' అని ప్రశ్న, ఇంగ్లీషు అక్షరాలలో. కోటయ్యగారిది మృగశిర. అశ్విని మొదలు అయిదవది. అయిదంకె నొక్కాలని నాకు తెలుసు. తెలిసీ, నా వేలు అటు పోలేదు. అయిదవ ఏట అక్షరాభ్యాసమైన నాటినుంచి ఈ చేయి కాగితం మీద గాని, పలక మీద గాని, చివరికి చాకలిపద్దు మీద గాని శ్రీ పెట్టకుండా మొదలుపెట్టింది లేదు. ముందు శ్రీ, తరువాత విషయం. ఇంగ్లీషులో మూడక్షరాల శ్రీ నొక్కాను. ఇక ఆ కింద అంకె వేద్దామని, పంక్తి మారటానికి పెద్ద మీట నొక్కాను.

తెర ఊగిపోయింది. 'జన్మనక్షత్రం సంఖ్య? జన్మనక్షత్రం సంఖ్య?' అంటూ ఒకటే ప్రశ్న, తెరిపి లేకుండా, కింది నుంచి పైకి జలపాతం తలకిందులైనట్లు పరుగెత్తుతోంది. నేను చేతులు వెనక్కి తీసుకొన్నాను. ఏ మీటా ముట్టలేదు. అయినా అడుగుతూనే ఉన్నది.

"యెహే! మిషిన్‌కు పూనకం వచ్చిందేంది?" అని యాదగిరి హారతిపళ్లెం పట్టుకొని నిలబడిపోయాడు. "పంతులుగారూ, ఏం జేసిండ్రు?"

"శ్రీ వ్రాశానయ్యా!"

"గదే మరి. దేవుడి పేరు ఇనంగనే ఊగబట్టింది!"

ఎవరూ నవ్వలేదు. కోటయ్యగారి ముఖం వాడిపోయింది. కొబ్బరికాయ కుళ్లినా అంత బాధపడేవారు కాదు. మంచిరోజు చూసి పెట్టి, ఆ మంచిరోజున మొదటి మాటకే ఇలా జరిగితే ఆ మనిషి మనసులో ఏముంటుందో నాకు తెలియదా? నీ ఉత్తరం నా ఉత్తరీయపు చెంగులోనే ఉన్నది. నా మాట మీద వచ్చిన పిల్ల, నా చేతి మీదనే తిరిగి వెళ్లిపోతున్నదనుకొన్నాను.

వైదేహి వచ్చి రెండు మీటలు కలిపి నొక్కింది. పరుగు ఆగింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు కోటయ్యగారు, మెల్లగా.

"మూడు నెలలుగా నేను అడగటం ఒక్కటే నేర్పానండీ దీనికి. వినటం సరిగా నేర్పలేదు."

"మీ మామయ్యగారు అంకె వేయకుండా శ్రీ వేశారు. ఆయన పొరపాటేగా?"

"కాదండీ" అన్నది. "శ్రీ పెట్టకుండా మొదలుపెట్టే ఇల్లు కాదు మాది. మీదీ కాదు. ఈ మీటల ముందు కూర్చునేవారిలో సగం మంది ఇదే చేస్తారు. అది తెలిసి ఉండీ దానికి ఇందులో చోటు పెట్టకపోవటం నా పొరపాటు. మీరు కాఫీ తాగి రండి. ఈలోగా సరిచేస్తాను."

కోటయ్యగారు గోడ గడియారం చూశారు, నన్ను చూశారు. "యోగం ఉన్నదా శాస్త్రిగారూ?"

"మధ్యాహ్నం దాకా ఉన్నది" అన్నాను. నిజంగానే ఉన్నది. లేకపోతే ఆ నిమిషాన అబద్ధమాడేవాడినేమో, ఈశ్వరుడు రక్షించాడు.

వారు వెళ్లారు. నేను మాత్రం ఆమె వెనుక నిలబడ్డాను. వ్రాస్తూనే చెప్పింది, నా మనసు స్థిమితపరచటానికే చెప్పి ఉంటుంది. ఆ చెవి అంకె కోసం కాచుకొని ఉన్నది. శ్రీ వచ్చింది. అంకె కాదు గనుక అందుకోలేదు. అందుకోలేదు గనుక ఆ మూడక్షరాలూ గుమ్మంలోనే నిలిచిపోయాయి. చెవికి నొప్పి చేసి మూసుకుపోయింది. నోటికి ఆ సంగతి తెలియదు, అది అడుగుతూనే ఉన్నది. జవాబు వినలేని స్థితిలో ప్రశ్న మీద ప్రశ్న.

"మరి ఏం చేస్తావే?"

"ప్రతిసారీ ముందు దానిని బాగున్నావా అని అడగాలి మామయ్యా. బాగులేనంటే ఆ నొప్పి తీర్చాలి. ఆ తరువాత గుమ్మంలో మిగిలిపోయినవి పక్కకు తీసివేయాలి. నొప్పి తీర్చకుండా ఎంత తోసినా అవి కదలవు. తీర్చి ఊరుకొంటే మళ్లీ అవే తగులుతాయి. రెండూ అయ్యాకనే కొత్తగా అడగాలి."

శబ్దం గురించి, శ్రోత గురించి మన పెద్దలు ఎంత విచారించారో కొంత చదివినవాడిని. వినటమన్నది ఒక స్థితి అనీ, అది చెడిపోగలదనీ, చెడినదానిని చక్కబరిచిన తరువాతనే తిరిగి అడగాలనీ ఇంత స్ఫుటంగా, పట్టుమని పది పంక్తులైనా లేకుండా ఒక చిన్నపిల్ల నా కళ్ల ముందు వ్రాస్తూ ఉంటే, నేను మంత్రద్రష్టల కాలంలో నిలబడి ఉన్నట్లనిపించింది. అతిశయోక్తి అనుకోకు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కోటయ్యగారు తిరిగి వచ్చి, ఈసారి తానే కూర్చున్నారు. గట్టి మనిషి. ముందుగా శ్రీ అని నొక్కారు. తెర ఒక్క పంక్తి మాత్రం వ్రాసింది: 'సంతోషం. ఇప్పుడు నక్షత్రం సంఖ్య చెప్పండి.' ఆయన కనుబొమలు లేచాయి. తన పేరు నొక్కారు. 'ఇక్కడ సంఖ్య కావాలి. మరొకసారి చెప్పండి.' తొంభైతొమ్మిది నొక్కారు. 'నక్షత్రాలు ఇరవై ఏడే. మరొకసారి చెప్పండి.' యాదగిరి ఆగలేక వంగి తన కూతురి పేరు నొక్కాడు. దానికీ 'సంఖ్య కావాలి' అన్న మాటే, అంతే నిదానంగా.

"ఏమీ చెప్పకపోతే?" అన్నారు కోటయ్యగారు.

"నొక్కి చూడండి."

ఉట్టి పెద్ద మీట నొక్కారు. తెల్లని గీత ఒక పంక్తి కిందికి దిగి, అక్కడ మెరుస్తూ నిలిచింది. మళ్లీ నొక్కారు. మరొక పంక్తి దిగింది. ఒక్క మాట లేదు.

"ఏమీ అనదేం?"

"మీరు ఇంకా ఆలోచించుకొంటున్నారని ఊరుకుంటుందండీ."

ఆ గదిలో అందరమూ ఆ గీతనే చూస్తూ ఉండిపోయాము. ఆఖరికి ఆయన అయిదు నొక్కారు. ఆనాటి నక్షత్రం అడిగితే ఎనిమిది నొక్కారు. మృగశిర, ఆర్ద్ర, పునర్వసు, పుష్యమి. నాలుగవది. నేను వేళ్ల మీద లెక్కించే లోపల తెర మీద 'క్షేమ తార' అని పడింది.

కోటయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అడిగినదానికి సంబంధం లేని జవాబు చెప్పినా, అసలు చెప్పకపోయినా, విసుక్కోకుండా మళ్లీ అడిగే ప్రాణి మా ఆఫీసులో ఇదొక్కటే" అన్నారు.

"మరి నేను సార్?" అన్నాడు యాదగిరి.

"నువ్వా? నువ్వు నేను చెప్పకముందే బండి తీసుకొని వెళ్లిపోతావు కదయ్యా!"

"గా సిద్ధాంతిగారు పండుకునేలోపు పోవాలె కద సార్! ఇగ నా ఫికర్ పోయింది."

అప్పుడు నవ్వారు అందరూ. హారతి ఇచ్చారు. నేను ఇంకా ఆ తెర వంకే చూస్తున్నాను.

ఇక ఇది విను. కోటయ్యగారు ఉద్యోగపు కాగితం తెప్పించి, కలం తీసి, "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అని అడిగారు. ఇటువంటి చోట తండ్రి పేరూ, ఇంటిపేరూ చెప్పటం మన ఆనవాయితీ. బావగారి పేరు నా నాలుక చివర ఉన్నది. వైదేహి నాకంటె ముందే చెప్పింది.

"అన్నపూర్ణమ్మగారి అమ్మాయినండీ. కొవ్వూరు."

"నాన్నగారు?"

"నాకు ఊహ తెలియకముందే పోయారండీ. ఈ నక్షత్రాల లెక్క నాకు అమ్మ నేర్పింది. జడ వేస్తూ, నా వేళ్ల కణుపులు పట్టుకొని చెప్పించేది."

ఆయన నీ పేరు వ్రాసి, ఆగి, కలం కింద పెట్టారు. "మరి ఇక్కడ ఉండటానికి ఆవిడను అడిగావా?"

పిల్ల తల వంచుకొంది. "అడగలేదండీ. ఊళ్లో ఉద్యోగం ఉందని మామయ్యకు వ్రాసింది."

"అడుగు. ఆవిడ సరేనన్న రోజునే చేరు. అప్పటిదాకా ఈ కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వను" అని కాగితం మడిచి నా చేతికిచ్చారు. అది ఇప్పుడు దేవుడి పటం వెనుక ఉన్నది. నీ పేరు ఆయన దస్తూరీతో ఉన్నది, దాని కింద ఖాళీ.

ఆనాటినుంచి పిల్ల నిన్ను అడగటానికి ఉత్తరం మొదలుపెట్టి, చించివేస్తున్నది. ఉండాలని ఉన్నది. ఆ మాట అంటే నీవు నొచ్చుకొంటావని భయం. ఒంటరిదానివైపోతావని దిగులు. నన్ను వ్రాయమని అడగలేదు గాని, ఈ కవరు కొన్నప్పుడు వద్దనీ అనలేదు.

కాబట్టి అక్కయ్యా, ఉంచుతావో పంపుతావో ఒక్క మాట వ్రాయమని నీవు నన్ను అడిగావు. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదని గురువారమే తెలుసుకొన్నాను. ఆమె ఎవరి అమ్మాయో వారినే అడుగుతున్నాను. నా మనసు చెప్పమంటే చెబుతాను. ఆ పిల్ల చేసే పని చిన్న పని కాదు. మన ఊరి పాఠశాలలో లెక్కలు చెప్పటమూ చిన్న పని కాదు. కాని అక్కడ ఆమె నేర్చినది చెబుతుంది, ఇక్కడ ఎవరూ ఎరుగనిది చేస్తుంది. నీవు సరేనంటే, సంక్రాంతి వెళ్లాక నిన్ను కూడా ఇక్కడికి తీసుకువచ్చి కొన్నాళ్లు ఉంచుకొంటాము. ఒక గది మీ తల్లీకూతుళ్లకు, ఒక గది నాకు. మల్లమ్మగారు ఇప్పటికే, "మీ అక్కగారు ఎప్పుడొస్తరు?" అని అడుగుతున్నది. నీవు రమ్మంటే, పిల్ల మరునాడే బండెక్కుతుంది. నేనే దిగబెడతాను. ఆమె మీద గాని, నీ మీద గాని ఒక్క మాట అనను. నీవు కోపంతో వ్రాసినా ఫరవాలేదు. ఆలోచించుకొంటూ కొన్నాళ్లు వ్రాయకపోయినా ఫరవాలేదు.

ఇంతే సంగతులు. సూరమ్మ పిన్నికి, అగ్రహారంలోని పెద్దలందరికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు చెప్పు. రాత్రిపూట మజ్జిగ మానేసి వేడి పాలు తాగు. చలి మొదలైంది, శాలువా పెట్టెలోనుంచి తీయి. మా ఇద్దరి తలలపైనా నీ చేయి ఉంచానని తలుచుకొని దీవించు. మేము బాగున్నాము, దిగులు పడకు.

నీ మాట కోసం రోజూ పోస్టుమేన్ దారి చూసే
నీ తమ్ముడు
సదాశివం